‘ఆపు’ అంటే ఆపాలి!

శంషాబాద్‌లో దిగబోతున్నాం. కిటికీలోంచి రన్‌వే పక్కన గడ్డి కూడా కనిపిస్తోంది. ఉన్నట్టుండి ఇంజిన్ల హోరు పెరిగి విమానం మళ్లీ పైకి లేచింది. ‘ఇదేం పైలటండీ!’ అని పైకే అనేశాను.

పక్కసీటు పెద్దాయన నవ్వారు. పైలట్‌గా చేసి రిటైరయ్యారట. ‘‘కుదరదనుకుంటే పైకి లేపేవాడే మంచి పైలటమ్మా’’ అన్నారు. మళ్లీ దిగేలోపు నాకో పాఠం చెప్పారు.

పైలట్లూ పొరపాట్లు చేస్తారు. ఆ సంగతి ముందే ఒప్పుకుని జాగ్రత్తపడటాన్నే ‘థ్రెట్ అండ్ ఎర్రర్ మేనేజ్‌మెంట్’ అంటారట. అందులో కొన్ని జాగ్రత్తలు వ్యవస్థే ఇస్తుంది... నేల దగ్గరపడితే అరిచే యంత్రం, ఎదురుగా విమానం వస్తే హెచ్చరించే యంత్రం, చెక్‌లిస్టు, శిక్షణ. మిగతావి మనుషులు తీసుకోవాల్సినవి. బయల్దేరేముందు ‘ఇలా అయితే ఏం చేద్దాం’ అని మాట్లాడుకోవాలి. ఒకరు నడుపుతుంటే రెండోవారు కనిపెట్టి ఉండాలి. పరిస్థితి మారితే అనుకున్నదాన్ని మార్చుకోవాలి. తేడాగా అనిపిస్తే పైవాడికైనా ‘వద్దు’ అని చెప్పాలి.

‘‘ఆ చివరిదే కష్టం’’ అంటూ మంగళూరు ప్రమాదాన్ని గుర్తుచేశారు. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం అది. కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయారని దర్యాప్తులో తేలింది. దిగేటప్పుడు విమానం ఉండాల్సినదానికన్నా ఎత్తులో ఉంది. యంత్రం హెచ్చరించింది. కో-పైలట్ మూడుసార్లు ‘గో అరౌండ్’ అన్నారు. అయినా విమానాన్ని దించేశారు. అది రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. బతికింది ఎనిమిదిమందే.

నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఓ రాత్రి విజయవాడ నుంచి కారులో వస్తున్నాం. నాన్న కళ్లు మూతలు పడుతున్నాయి. ‘ఆపి టీ తాగుదాం నాన్నా’ అన్నాను. ‘నాకు తెలీదా?’ అన్నారు. పెద్దాయనకి ఎదురు చెప్పడమెందుకని ఊరుకున్నాను. సూర్యాపేట దాటాక కారు డివైడర్ ఎక్కింది. అమ్మ చెయ్యి విరిగింది. ఆ కో-పైలట్ మూడుసార్లయినా అన్నారు. నేను ఒక్కసారే అన్నాను.

ఇప్పుడు మా కారులో ఒకటే రూలు. పక్కనున్నవాళ్లు ఎవరైనా సరే ‘ఆపు’ అంటే ఆపాలి. కారణాలు తర్వాత. మొన్న మా ఎనిమిదేళ్ల పాప అంది. వెంటనే ఆపాను. ఐస్‌క్రీం కావాలట! తిట్టలేదు. తిడితే, రేపు నిజంగా ఆపమనాల్సి వచ్చినప్పుడు దానికి నోరు రావద్దూ?