చేను అమ్మొద్దు నాయనా

మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. నల్లరేగడి చేను ఐదెకరాలు ఉంది, శనగ పండిస్తాము. మా ప్రాంతంలో డాక్టరంటే ఎంత గౌరవమో చదువరులకు చెప్పనక్కరలేదు. లండన్ మిషను వారు జమ్మలమడుగులో స్థాపించిన క్యాంబెల్ ఆసుపత్రిలోనే మా ఊరివాళ్లు చాలామంది పుట్టారు. దివంగత ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు కూడా మొదట అక్కడ డాక్టరుగా పనిచేసి, 1973లో పులివెందులలో తన తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టారు. మా అమ్మాయి కూడా డాక్టరు కావాలని నా ఆశ.

ప్రొద్దుటూరులో ఇంటర్ బైపీసీ చదివింది. 2018లో నీట్ పరీక్ష రాసింది గాని సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఒకాయన డబ్బు కడితే సీటు ఇప్పిస్తానన్నాడు. నేను రెండెకరాలకు బేరం కూడా కుదుర్చుకున్నాను. ఆ రాత్రి అమ్మాయి అన్నం ముట్టలేదు.

“చేను అమ్మొద్దు నాయనా. గుండె ఎట్ల కొట్టుకుంటాదో, కాళ్లు ఎట్ల నడుస్తాయో చదివేదానికి డాక్టరే కావల్లనా?” అంది.

నాకు కోపం వచ్చింది. నెలరోజులు అమ్మాయితో సరిగా మాట్లాడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

తిరుపతిలో ఫిజియోథెరపీలో చేరింది. మొదటి ఏడాదే ఫిజియాలజీ, అనగా శరీరం పనిచేసే తీరును తెలిపే శాస్త్రం చదవాలి. సెలవులకు వచ్చి చెప్పేది: మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, ఒకటిన్నర లీటరు మాత్రం బయటికి పంపి, మిగిలినదంతా తిరిగి రక్తంలోకి తీసుకుంటాయట. మైలవరం కాలువ నీటిని మేము అంత పొదుపుగా వాడతామా!

నర్సింగుకు, డయాలసిస్ టెక్నీషియన్‌కు, గుండె పరీక్షలు చేసేవారికి కూడా ఈ శాస్త్రమే పునాది. మెడికల్ ఫిజియాలజీలో మూడేళ్ల ఎమ్మెస్సీ ఉంది. అయితే మెడికల్ కాలేజీలలో పాఠాలు చెప్పే ఉద్యోగాలు ఎక్కువగా ఎం.డి. చేసినవారికే దక్కుతాయి. బిడ్డలను చేర్పించే ముందు తల్లిదండ్రులు బాగా విచారించుకోవాలి.

2023 నవంబరులో పులివెందులలో ఉన్న మా వదినకు పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది గాని ఇంటికి వచ్చాక మంచమే గతి. చుట్టాలు పావురం రక్తం పూయమన్నారు. అప్పటికి చదువు ముగించిన మా అమ్మాయి అది వినలేదు.

“మెదడులో ఎడమపక్క దెబ్బ తగిలింది పెద్దమ్మా. చచ్చిన కణాలు మళ్లీ రావు. మిగిలినవి ఆ పని నేర్చుకోవల్ల. పసిబిడ్డకు నడక నేర్పినట్ల మళ్లీ మళ్లీ చేయల్ల” అంది.

అక్కడే ఉండి దినమూ కూర్చోబెట్టింది, నిలబెట్టింది, కాలు ఎత్తించింది. వదిన ఏడ్చింది. తిట్టింది కూడా. మూడో వారానికి గోడ పట్టుకొని నిలబడింది. 2024 ఈస్టరునాడు ఊతకర్రతో మందిరం మెట్లు ఎక్కుతుంటే కింద నిలబడి చూశాను. నా నోట మాట రాలేదు.

పిడికిలి మాత్రం పూర్తిగా బిగియలేదు. అమ్మాయి నన్ను మన చేని శనగలు ఒక శేరు తెమ్మంది. అవి ఒక్కొక్కటే ఏరి వేరే గిన్నెలో వేయాలట. నేను అమ్మాలనుకున్న ఆ రెండెకరాల్లో పండినవే కొలిచి తీసుకుపోయాను.