నంబరు ఒకటే, ఫ్రేము వేరు

హైదరాబాద్ కృష్ణానగర్‌లో మేడ మీద వాటాలు అద్దెకు తీసుకుని నడుపుతున్న ఎడిటింగ్ గదులు చాలా ఉన్నాయి. సీను ఎలా కడతారో ఎడిటర్ పక్కన కూర్చుని చూడాలని వాటిలో ఒకదానికి వెళ్లాను. ఆ రోజు అక్కడ ఎవరూ సీను కట్టడం లేదు. లాకైపోయిన ఒక వెబ్ సిరీస్ ఎపిసోడ్, రంగులు దిద్దడానికీ శబ్దం సరిచూడటానికీ పక్క గదిలోని మరో సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి అక్కడ చెదిరిపోయింది. బొమ్మ సరిగ్గానే ఉంది. లొకేషన్‌లో రికార్డు చేసిన మాటలు మాత్రం కొన్నిచోట్ల ఒకదానికి బదులు ఇంకొకటి పడుతున్నాయి, కొన్నిచోట్ల క్లిప్పే దొరకలేదని ఎర్రగా చూపిస్తోంది.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా, పని ఇంకొకదానికి అప్పజెప్పేటప్పుడు ప్రధానంగా పంపేది ఒక జాబితా. ఈడీఎల్, ఎక్స్‌ఎంఎల్, ఏఏఎఫ్ అని దానికి రకరకాల రూపాలు. ఫలానా క్లిప్పులో ఇక్కడి నుంచి ఇక్కడిదాకా తీసుకో అన్నదే అందులోని సారం. ఆ 'ఇక్కడ' అన్నదాన్ని చెప్పేది టైమ్‌కోడ్: గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు. రెండు సాఫ్ట్‌వేర్‌లు ఆ నంబర్ని రెండు రకాలుగా చదివితే నెలల తరబడి చేసిన కూర్పు చెల్లాచెదురవుతుంది.

అసోసియేట్ ఎడిటర్‌కి ముప్పై ఏళ్లుంటాయేమో. గదిలో కుర్రాళ్లంతా ఆమెను అక్కా అనే పిలుస్తున్నారు. "అక్కా, ఒక క్లిప్పు చూశాను. యాభై సెకన్లు తేడా ఉంది. అన్నిటినీ యాభై జరిపేయనా?" అన్నాడు ఒక అసిస్టెంట్.

"ఆగరా. పొద్దుటి షాట్ ఒకటి, మధ్యాహ్నం షాట్ ఒకటి, సాయంత్రం షాట్ ఒకటి తియ్యి" అంది.

రెండు తెరల మీద ఒకే సౌండ్ క్లిప్పు మొదలు పక్కపక్కన పెట్టారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 14:00:00:00. పక్కదానిలో 13:59:09:15. రెండిట్లోనూ అదే క్లాప్ చప్పుడు, అదే గొంతు. ఆమె కాగితం మీద రాసుకుంటూ పోయింది. ఉదయం తొమ్మిది గంటల షాట్‌లో తేడా 32 సెకన్లు దాటింది. మధ్యాహ్నం రెండు గంటలకు 50. సాయంత్రం ఆరుకు 64 పైనే. "గంటకి మూడున్నర పైచిలుకు పెరుగుతోంది. ఇది ఫ్రేమ్ రేటు గొడవ" అని కలం కింద పెట్టింది.

ఆ కాగితం నాకు బాగా నచ్చింది. తేడా అన్ని క్లిప్పుల్లోనూ ఒకేలా ఉంటే ఎక్కడో మొదలు నంబరు తప్పు పడిందని అనుకోవచ్చు. పద్ధతి లేకుండా ఉంటే క్లిప్పుల పేర్లు కలగాపులగమయ్యాయేమో చూడాలి. పొద్దు గడిచేకొద్దీ లెక్కగా పెరుగుతోందంటే ఫ్రేమ్ రేటునే అనుమానించాలి. ఆ కుర్రాడు చూసినట్టు ఒక్క క్లిప్పు చూసి ఊరుకుంటే ఈ మూడింటిలో ఏదో ఎప్పటికీ తెలియదు.

కారణం ఆమె విడమరిచి చెప్పింది. శబ్దానికి ఫ్రేములుండవు. సౌండ్ రికార్డర్ ఫైల్లో రాసిపెట్టేది అర్ధరాత్రి నుంచి ఎన్ని శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు, గడిచాయన్న లెక్క. సెకనుకు 48,000 చొప్పున మధ్యాహ్నం రెండింటికి అది 241 కోట్ల 92 లక్షలు. దాన్ని టైమ్‌కోడ్‌గా మార్చి చూపడం సాఫ్ట్‌వేర్ పని. సెకనుకు 24 ఫ్రేములనుకుంటే సరిగ్గా 14 గంటలు వస్తుంది. పక్క గదిలో ప్రాజెక్టు తెరిచినవాళ్లు 23.976 ఎంచుకున్నారు. ఆ లెక్కన 24 ఫ్రేములు నడవడానికి సెకను కంటే కాస్త ఎక్కువ పడుతుంది కాబట్టి నంబరు అసలు గడియారం కంటే గంటకు 3.6 సెకన్లు వెనకబడుతుంది. కుప్ప అదే, కుంచం మారింది.

ఈ 23.976 మన దేశంలో పుట్టింది కాదు. అమెరికాలో 1953లో కలర్ టీవీ ప్రమాణం ఖరారు చేసినప్పుడు, రంగు సంకేతం శబ్ద సంకేతానికి అడ్డుపడకుండా సెకనుకు 30 ఫ్రేముల వేగాన్ని వెయ్యోవంతు తగ్గించి 29.97 చేశారు. ఆ టీవీలో సినిమాలు చూపించాలి కనుక 24 కూడా 23.976 అయింది. మన కరెంటు 50 హెర్ట్జ్, మన టీవీ 25 ఫ్రేములు, మన సినిమా 24. అయినా కెమెరా మెనూల వెంట ఆ అంకె మన సెట్ల మీదికీ వచ్చేసింది. కొన్ని కెమెరాలు తెర మీద 24 అని చూపించి లోపల 23.976 రికార్డు చేస్తాయి. అది నాకు అన్యాయమనిపిస్తుంది. ఫైలు వివరాలు తెరిచి చూస్తే తప్ప సంగతి బయటపడదు.

క్లిప్పులు ఒకసారి లోపలికి చేరాక పక్క గదిలోని సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు మార్చనివ్వలేదు. చేత్తో జరపడానికి ఆమె ఒప్పుకోలేదు. ప్రతి క్లిప్పుకూ జరపాల్సిన లెక్క వేరు. పైగా రేపు డైరెక్టర్ ఒక్క షాట్ మార్చమంటే మళ్లీ మొదటికి వస్తుంది. 24తో కొత్త ప్రాజెక్టు తెరిచి, ఫుటేజీ మళ్లీ ఎక్కించి, అదే జాబితా ఇచ్చారు. ఎర్ర గీతలు పోయాయి. ఎడిట్ గది నుంచి వచ్చిన రిఫరెన్స్ వీడియోని పైన పరిచి ఎపిసోడ్ మొదటి నుంచి చివరిదాకా కట్ కట్‌కీ ఆపి సరిచూసింది. ఎక్కువ సమయం దానికే పట్టింది.

తర్వాత టీ తాగుతూ మిగతా తలనొప్పులు చెప్పారు. డ్రోన్లు, చిన్న కెమెరాలు చాలావరకు ప్రతి క్లిప్పునీ సున్నా నుంచే మొదలుపెడతాయి కాబట్టి ఒకే నంబరుతో పదుల కొద్దీ క్లిప్పులుంటాయి. పాతకాలపు ఈడీఎల్‌లో రీలు పేరుకు ఎనిమిది అక్షరాలే చోటు. పొడుగాటి పేర్లు తెగిపోయి అన్నీ ఒకటే అయిపోతాయి. ఫోన్లో తీసిన వీడియోలో ఫ్రేమ్ రేటే నిలకడగా ఉండదు. అమెరికాలోని మనవాళ్లు పంపే వేడుకల ఫుటేజీ తరచూ 29.97లో, డ్రాప్ ఫ్రేమ్‌తో వస్తుంది. డ్రాప్ అన్న మాట విని ఫ్రేములు పోతాయని కొత్తవాళ్లు భయపడతారట. ఫ్రేములేవీ పోవు. గడియారంతో కలవడానికి నిమిషానికి రెండు నంబర్లు దాటవేస్తారు, ప్రతి పదో నిమిషాన్ని వదిలేసి. గంటకు 108 నంబర్లు.

ఫిల్ము రోజుల్లో మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద పనిచేసిన ఒక పెద్దాయన కూడా అక్కడికి వచ్చారు. నెగెటివ్ అంచున అడుగడుగుకీ నంబరు అచ్చయి వచ్చేదనీ, 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములనీ, ఆ నంబర్లు చూసుకుంటూనే నెగెటివ్ కోసేవాళ్లమనీ చెప్పారు. ఫిల్మును ఏ వేగంతో తిప్పినా ఆ నంబరు మారదు. టైమ్‌కోడ్‌కి ఆ స్థిరత్వం లేదు. పక్కన ఫ్రేమ్ రేటు రాయకపోతే దాని అర్థం సగమే.

సినిమాలు, సిరీస్‌లు తీస్తున్నవాళ్లకు నాదొక విన్నపం. షూటింగ్ మొదలయ్యే ముందు వాడబోయే ప్రతి కెమెరాతోనూ, సౌండ్ రికార్డర్‌తోనూ ఒక్కో నిమిషం తీయండి. దాన్ని ఎడిట్ గదికీ, అక్కడి నుంచి కలర్‌కీ, మిక్సింగ్‌కీ పంపి మాట, పెదవి కలుస్తున్నాయో లేదో చూసుకోండి. ఫ్రేమ్ రేటు ఎంతో కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. ఆ పరీక్ష చేయించే బాధ్యత అసిస్టెంట్ ఎడిటర్‌కే అప్పగించి, మొదటి రోజు నుంచే పనిలోకి తీసుకోండి.