చొప్పదండిలో పూడ్చని బావి

నేను కరీంనగర్ జిల్లా చొప్పదండిలో దిగేసరికి వాడకు నల్లా వదిలారు. ఒక ఇంట్లో గోలెం నిండింది, బిందెలు నిండాయి, ఇక పైపు వాకిలి కడగడానికి మళ్లింది. ఆ నీళ్లన్నీ నురగతో మోరీలోకి జారుతున్నాయి. పెరట్లో చేదబావి ఉంది, పైన ఇనుప జాలి పరిచి ఉంది.

"నల్ల వచ్చినంక తోడుడు బందువెట్టినం బిడ్డా. పూడ్సుమని అందరన్నరు. నేనే పూడ్వనియ్యలే," అంది ఆ ఇంటి అవ్వ.

ఎందుకని అడిగాను.

"నల్ల బందైతెనో?"

రోజంతా ఆ మాట మోసుకునే తిరిగాను.

నల్లాను తక్కువ చేసి మాట్లాడే మనసు నాకు లేదు. బోరింగు దగ్గర బిందెల వరుసలో నిలబడ్డ చేతులకు దాని విలువ తెలుసు. మిషన్ భగీరథ పెట్టుకున్న లెక్క ప్రకారం మనిషికి రోజుకు పల్లెలో 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135. చొప్పదండి 2018లో మున్సిపాలిటీ అయింది. అవ్వ అడిగిందల్లా ఆ నీళ్ల వెనక ఏముందనే.

అది చూద్దామని పొరుగున రామడుగు మండలం లక్ష్మీపూర్ వెళ్లి కాలువ గట్టున నిలబడ్డాను. ఇక్కడ భూమి లోపల ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లు ఏడున్నాయి. 2019 నుంచి గోదారి మీది ఎల్లంపల్లి నీళ్లను వంద మీటర్లకు పైగా ఎత్తి మధ్య మానేరు జలాశయానికి పంపుతున్నాయి. అక్కడి నుంచి దిగువ మానేరుకు. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ వచ్చేదీ దిగువ మానేరుకే. చూడ్డానికి దారులు చాలా ఉన్నాయి, కానీ అన్నిటికీ తల్లి గోదారే. మానేరు కూడా ఆమెలో కలిసేదే. 2023 అక్టోబరులో గోదారి మీద దిగువనున్న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక కింది నుంచి ఎత్తిపోత ఆగింది. అప్పటి నుంచి ఈ మోటార్లు ఎల్లంపల్లికి పైనుంచి వచ్చే వరదను నమ్ముకున్నవే.

గోదారి పరీవాహకంలో పెద్ద భాగం ఒకేసారి ఎండితే ఏమవుతుందో 2016 ఏప్రిల్‌లో చూశాం. గోదారి ఉపనది మంజీర మీద ఆధారపడ్డ లాతూరుకు రైల్లో తాగునీళ్లు పంపారు. అదే మంజీర మీది సింగూరు కూడా అడుగంటింది. హైదరాబాదు అప్పుడు గట్టెక్కిందంటే కృష్ణ నీళ్లుండబట్టి, 2015 చివర్లో ఎల్లంపల్లి నీళ్లు నూటెనభై కిలోమీటర్లు దాటి చేరబట్టి. అంత పెద్ద ఊరు మూడు నాలుగు చోట్ల చేయి చాచగలదు. చొప్పదండి లాంటి ఊరికి రెండో వనరు ఇంకో నది కాదు, దాని కాళ్ల కిందే ఉంది.

మధ్యాహ్నం చెరువు కట్ట మీద ఒక పెద్దాయన కలిశాడు. మత్తడి దుంకిన ఏడు చుట్టుపక్కల బావుల్లో నీళ్లు చేతికందేవని చెప్పాడు. చెరువు పొలానికే అనుకుంటాం గానీ, అది ఊరి బావులకు పోసే పాలు. శికం భూమిలో ప్లాటు రాయి పాతిన ప్రతిచోటా ఆ పాలు కొంత తగ్గుతాయి. ఇది కోపంగానే రాస్తున్నాను.

ఇక మోరీ. ఇంట్లోకి వచ్చిన నీళ్లలో నూటికి ఎనభై వంతులు మురుగుగా బయటికి పోతాయని ఇంజనీర్ల అంచనా. అయిదుగురున్న ఇంటికి 675 లీటర్లు వస్తే 540 లీటర్లు మోరీ పాలు. నది ఎండిన ఏడు కూడా, ఇంట్లో నీళ్లు వాడినంత కాలం మోరీ ఎండదు. బెంగళూరు మురుగును శుద్ధి చేసి 2018 నుంచి కోలారు చెరువులు నింపుతున్నారు. నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుంచి అలాంటి నీళ్లను మరింత శుద్ధి చేసి తాగుతోంది. మనం తాగనక్కర్లేదు. చెట్లకు, ఇటుక బట్టీలకు, ఇళ్ల కట్టుబడికి వాడినా అంత మంచినీళ్లు మిగులుతాయి. అయితే శుద్ధి సగం చేసి చెరువులోకి వదిలితే అవ్వ బావే ముందు చెడుతుంది. కోలారులో రెండో దశ శుద్ధి చాలదని, మూడో దశ కూడా కావాలని రైతులు గట్టిగా అడుగుతున్నది అందుకే. చొప్పదండి మొదలుపెట్టాల్సింది చెరువు హద్దుల దగ్గర. మోరీ పని ఆ తర్వాత, తొందరపడకుండా.

సాయంత్రం మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. అవ్వ జాలి పక్కకు జరిపించి చేద వదిలింది. ఏడు గజాల తాడు దిగాక నీళ్లు తగిలిన చప్పుడైంది. పైకి లాగి దోసిట్లో పోసింది. కొంచెం మట్టి వాసన. "తోడుతుంటె పోతది," అని మళ్లీ చేద దింపింది.