మోరీ నీళ్ల అమానత్

మా అమ్మీ వుజూ చేసిన నీళ్లను కూడా జామచెట్టుకే పోసేది. మోరీలోకి వదిలిన నీళ్లు ఎక్కడికి పోతాయో నాకు తెలిసింది విలేకరినయ్యాకే.

అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి రోజుకు 33.9 కోట్ల లీటర్ల గలీజు నీళ్లను శుభ్రం చేసే తాకత్ ఉంది. జాలీలు చెత్తను ఆపుతాయి, ఇసుక అడుగుకు దిగుతుంది, మిగిలిన మైలను బ్యాక్టీరియా తింటుంది.

ఆ మైల నేరుగా మూసీలో పడితే? తినే బ్యాక్టీరియా అక్కడా ఉంది. కానీ తింటూ తింటూ నీళ్లలోని ఆక్సిజన్ మొత్తం లాగేస్తుంది. చేపలకు ఊపిరాడదు. అందుకే ఆ దావత్ ఏదో దర్యా దాకా పోకముందే ఇక్కడే ముగిస్తారు.

మూసీ నల్గొండ పొలాలు తడిపి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మనం వాడి వదిలే నీళ్లు ఆ రైతుల అమానత్. పాక్ చేసి పంపాలి. అది వాళ్ల హక్.