లారీ ఎక్కని పుస్తకాలు

బదిలీ ఉత్తర్వు అందిన ప్రతిసారీ మా ఇంట్లో ముందు పంచాయితీ పుస్తకాల మీదే. విశాఖపట్నం నుంచి బళ్లారికి, అక్కడి నుంచి ఖరగ్‌పూర్‌కు వెళ్లినప్పుడు గిన్నెలూ పరుపులూ లారీ ఎక్కాయి. పుస్తకాలు సగం పక్కింటికి, సగం బడి గ్రంథాలయానికి చేరాయి. చివరికి ఒక ఈ-రీడర్ కొన్నాం. అరచేతిలో బీరువాడు పుస్తకాలు! ఇక బెంగ లేదనుకున్నాం.

మా నాన్నగారు ఇరవై ఏళ్ల కిందట తన చిన్ననాటి సంగతులు రాసి, ఊళ్లో డీటీపీ చేయించి చిన్న పుస్తకంగా వేయించుకున్నారు. ఆ పీడీఎఫ్ మా దగ్గరుంది. చూపు తగ్గిన ఆయనకు పెద్ద అక్షరాల్లో చూపిద్దామని ఈ-రీడర్‌లో పెట్టాం. అక్షరాలు చీమలబారులా ఉన్నాయి. పీడీఎఫ్ అచ్చుపేజీ వంటిది. పెద్దది చేస్తే పేజీ మొత్తం పెరిగి, వాక్యం తెర దాటిపోతుంది. ఈపబ్‌లో అయితే అక్షరం పెంచినా వరుసలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి.

సరేనని కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈపబ్‌గా మార్చాం. తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు! అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, పిచ్చి గుర్తులు. తప్పు కాలిబర్‌ది కాదు. ఆనాటి డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మన తలకట్లు, గుడులు, వత్తులు బొమ్మలుగా కూర్చేవారు. ఆ ఫాంటు తోడుంటేనే అది తెలుగు. యూనికోడ్‌లో మాత్రం ప్రతి అక్షరానికీ తనదైన సంఖ్య ఉంటుంది. 'అ' సంఖ్య 0సి05; ఏ యంత్రంలోనైనా అదే.

ఇక మళ్లీ టైపు చేద్దామనుకున్నాం. రోజూ రాత్రి భోజనాలయ్యాక నాన్నగారు భూతద్దం పట్టుకుని ఫోనులో చదివేవారు, మేము వంతులవారీగా యూనికోడ్‌లో కొట్టేవాళ్లం. ఒక రాత్రి చదువుతూ ఆగిపోయారు.

"ఇక్కడ మీ మేనత్త పేరు తప్పు పడింది. అప్పుడే చూశాను. మళ్లీ అచ్చంటే ఖర్చని ఊరుకున్నాను."

చిన్ననాడే పోయిన అక్క ఆమె. ఇరవై ఏళ్లు ఆ తప్పును ఆయన ఒక్కరే మోశారు. ఆ రాత్రి పేరు సరిచేసి, రెండుసార్లు పైకి చదివి వినిపించాం. అవతల నుంచి చాలాసేపు మాట లేదు.

ఇప్పుడు ఆ పుస్తకం మా దగ్గర మూడు రూపాల్లో ఉంది: పాత పీడీఎఫ్, చదువుకునే ఈపబ్, ఏ యంత్రమైనా తెరవగల సాదా టెక్స్ట్. ఫైలు పేరులోనే రచయిత, పుస్తకం, ఏడాది రాశాం. ఒక ప్రతి కంప్యూటర్‌లో, ఇంకొకటి విడిగా పెన్‌డ్రైవ్‌లో.

పిల్లలూ, మీ ఇంట్లోనూ తాతయ్యలు టైపు చేయించిన కాగితాలు, పాత సీడీలు ఉండే ఉంటాయి. ఈ సెలవుల్లో ఒకసారి తెరిచి చూడండి. అక్షరాలు చెదిరిపోతే చదివి చెప్పే మనిషి ఉండగానే కూర్చుని సరిచేయండి. ఫైలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. తప్పు ఎక్కడ పడిందో ఆ మనిషికే తెలుసు.