సైబీరియా కొంగలు కావవి

మమ్మల్ని మీరు చాలా పనుల్లో చూసుంటారు. పంచర్లు వేస్తుంటే చూసుంటారు. పరుపులు కుడుతుంటే, మాంసం కొడుతుంటే, పట్టుగూళ్ళ మూటలు మోస్తుంటే, పీర్ల పండక్కి డప్పుల ముందు నడుస్తుంటే చూసుంటారు. ఆ పనుల్లో మమ్మల్ని చూడ్డం మీ కళ్ళకు అలవాటు. కానీ ఒక బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పిట్టల ఫొటోలు పేర్చి, స్టాండు మీద దుర్బిణి నిలబెట్టి, "రండి, ఈ పక్షిని చూసిపోండి" అని పిలుస్తుంటే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఫొటోల్ని చూడరు. ముందు మమ్మల్ని చూస్తారు. గడ్డం వైపు, బురఖా వైపు, చొక్కాకు తగిలించుకున్న పేరు వైపు.

"ఏమప్పా సాయిబూ, మీరు గూడా పిట్టల్ని జూస్తారా? కోసేటోళ్ళు గదా మీరు!"

నవ్వుతూనే అంటారు. మేమూ నవ్వుతాం. ఆ నవ్వు ఎంత బరువో మోసేవాళ్ళకే తెలుసు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడూళ్ళలో పక్షుల్ని చూసేవాళ్ళ చిన్న సంఘం మాది. మాది అంటే తురకలది అని కాదు. బడిపంతుళ్ళున్నారు, మగ్గం నేసేవాళ్ళున్నారు, బ్యాంకులో పనిచేసేవాళ్ళున్నారు. అన్ని కులాల వాళ్ళూ ఉన్నారు. మేం ముస్లింలం నలుగురైదుగురం. వీలైనప్పుడల్లా జనం కూడేచోట ఒక స్టాలు పెడతాం. హిందూపురంలో బడి ఆవరణలో. పెనుకొండలో బాబయ్య దర్గాకు పోయే దారిలో, ఉర్సు రోజుల్లో. ధర్మవరంలో చెరువు దగ్గర, ఆదివారం పొద్దున. అమ్మేదేమీ లేదు. చూపిస్తాం, చెబుతాం, అడిగితే జవాబిస్తాం. అంతే పని.

స్టాలు దగ్గర మాకు ఎక్కువసార్లు ఎదురయ్యే మాట ఒకటుంది. "సైబీరియా కొంగలు". చిలమత్తూరు మండలం వీరాపురం గురించి మా ప్రాంతంలో తెలియనివాళ్ళుండరు. ఏటా చలికాలం చివర్లో పెద్ద కొంగలు గుంపులుగా వచ్చి ఆ ఊళ్ళోని చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. గుడ్లు పెడతాయి, పిల్లల్ని సాకుతాయి, వానాకాలం మొదలయ్యాక వెళ్ళిపోతాయి. ఇళ్ళ మీద, వాకిళ్ళలో రెట్ట పడుతుంది. చేపల కంపు కొడుతుంది. అయినా ఊరివాళ్ళు ఒక్క రాయి విసరరు, ఇంకొకర్ని విసరనివ్వరు. కొంగలొస్తే వానలొస్తాయని, ఊరికి మంచిదని వాళ్ళ నమ్మకం. కాన్పుకొచ్చిన ఆడపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటారు. ఇదంతా నిజం. ఒక్కటే నిజం కాదు. అవి సైబీరియా నుంచి రావు.

అవి ఎర్రకాళ్ళ కొంగలు. మూడడుగుల ఎత్తు. పసుపుపచ్చని పొడుగు ముక్కు, ఈకల్లేని నారింజ రంగు ముఖం, ఎదమీద నలుపు తెలుపుల పట్టీ, తోక దగ్గర వాలిన ఈకల్లో గులాబి రంగు. లోతులేని నీళ్ళలో ముక్కు సగం తెరిచి అటూ ఇటూ కలుపుతాయి. చేప తగలగానే ముక్కు మూస్తాయి. కంటితో చూసి కాదు, ముక్కుకు తగిలితే పట్టే వేట వాటిది. అందుకే వాటికి చెరువులో నీళ్ళు మోకాలి లోతుకు మించకూడదు, అలాగని చెరువు ఎండిపోనూ కూడదు. ఇవి పుట్టేది, పెరిగేది, తిరిగేది భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశాల్లోనే. ఒక చెరువు ఎండితే ఇంకో చెరువుకు పోతాయి. బతుకుతెరువు కోసం అనంతపురం మనిషి బెంగళూరుకు పోయినట్టు. అంతకుమించి దూరం వాటికి తెలీదు.

నిజంగా సైబీరియా నుంచి మన దేశానికి వచ్చే కొంగ వేరే ఉండేది. తెల్లటి కొంగ, పెద్దది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత అక్కడ అది మళ్ళీ కనిపించలేదు. అసలు విదేశీ అతిథి రావడం మానేసి ఇన్నేళ్ళయింది. మన చింతచెట్టు మీద పుట్టిన పిల్లను మాత్రం ఇంకా విదేశీ అనే పిలుస్తున్నాం.

"పేరుదేముంది లేబ్బా, ప్రేమతోనే అంటున్నాం గదా" అంటారు స్టాలుకొచ్చిన పెద్దలు. నిజమే, కొంగను ప్రేమతోనే అంటారు. కానీ ఇక్కడ పుట్టి ఇక్కడే చచ్చే ప్రాణిని యాడనుంచో వచ్చినదనడం ఎలా ఉంటుందో మాకు తెలుసు. మమ్మల్ని అన్నప్పుడు అందులో ప్రేమ ఉండదు. తేడా అదొక్కటే.

ఒకసారి జరిగింది చెబుతాం. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల్ని లెక్కపెడతారు. 1987 నుంచి జరుగుతున్న పని అది. ఆ లెక్కకోసం మేం ఇద్దరం, సంఘంలోని మరో మిత్రుడు, తెల్లారుజామున ఒక చెరువుకట్ట మీద ఉన్నాం. మెడలో దుర్బిణి, చేతిలో పుస్తకం. రెండు మోటారుసైకిళ్ళు వచ్చి ఆగినాయి. "యాం జూస్తాండారు? ఎవురు మీరు? యా ఊరు?" చెప్పాం. ఆధార్ కార్డులు అడిగారు. మా ఇద్దర్నే అడిగారు. పక్కనున్న మిత్రుణ్ణి అడగలేదు. అతని నుదుటి మీది బొట్టే అతనికి కార్డు. మా ఫోన్లు తీసుకుని ఫొటోలు తిప్పారు. కొంగలు, బాతులు, ఉల్లంకులు, మళ్ళీ కొంగలు. ఎంత తిప్పినా పిట్టలే. వేలు నొప్పెట్టిందేమో, ఫోన్లు ఇచ్చేసి వెళ్ళిపోయారు. మిత్రుడు సిగ్గుతో తల ఎత్తలేదు. "నువ్వెందుకు బాధపడతావప్పా, లెక్క తప్పిపోయింది, మళ్ళీ మొదట్నుంచి పెడదాం రా" అన్నాం. అప్పటికి సగం పక్షులు లేచిపోయినాయి.

దుర్బిణి ఒకరి మెడలో ఉంటే సరదా. మా మెడలో ఉంటే అనుమానం. ఈ మాట చెప్పుకోడానికి మేం ఎక్కడికి పోవాలి? అందుకే స్టాలు దగ్గర నిలబడతాం. మమ్మల్ని ఈ పనిలో చూసి చూసి మీ కళ్ళకు అలవాటు కావాలని.

అయితే ఒకటి. కొంగ ఇక్కడిదే కాబట్టి దాన్ని కాపాడండి అని మేం చెప్పం. మధ్య ఆసియా నుంచి గులాబి గోరువంకలు గుంపులు గుంపులుగా వచ్చి చలికాలమంతా మన జొన్నచేల మీద తిరుగుతాయి. మంగోలియా, టిబెట్ వైపునుంచి తలమీద నల్లచారల బాతులు హిమాలయాలు దాటి దక్షిణాది చెరువులకు వస్తాయి. అవి బయటివే. అయితే ఏమి? చెరువు వాటికి నీళ్ళు లేవందా?

కొంగ గూడు కట్టే చింతచెట్టునే చూడండి. దాని పుట్టిల్లు ఆఫ్రికా. ఇక్కడ ఎంతగా కలిసిపోయిందంటే అరబ్బులు దాన్ని చూసి తమర్ హిందీ, అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఈనాడు చింతపండు మార్కెట్ అంటే హిందూపురం. చింతపండు లేని చారు ఏ ఇంట్లో ఉంది? మన చేలను ఏలే వేరుశెనగ దక్షిణ అమెరికాది. మిరపకాయ కూడా ఆ ఖండాలదే. ధర్మవరం చీర మీద మెరిసే పట్టు చీనాది. వీటిలో దేన్ని ఆధార్ కార్డు అడిగారు? పెనుకొండ బాబయ్య కూడా సీస్తాన్ నుంచి వచ్చాడని చెప్పుకుంటారు. తిరుచిరాపల్లిలో గురువు పళ్ళుతోముకునే పుల్ల ఒకటిచ్చి, ఇది ఎక్కడ చిగురిస్తే అక్కడ నిలిచిపో అన్నాడట. అది పెనుకొండలో చిగురించిందట. ఇప్పుడు ఉర్సుకు వచ్చి చక్కెర చదివించేవాళ్ళలో ఎవరు హిందువో ఎవరు ముసల్మానో విడదీయలేరు. పుట్టినవాళ్ళదీ ఈ నేలే, వచ్చి నిలిచినవాళ్ళదీ ఈ నేలే.

ఇక కోసేవాళ్ళన్న మాట సంగతి. మా స్టాలులో సలీం అలీ ఫొటో ఒకటి పెడతాం. 1896లో బొంబాయిలో పుట్టి 1987లో పోయిన మనిషి. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మేనమామ ఇంట్లో పెరిగాడు. ఆ ఇంట్లో పిల్లలు పిచ్చుకల్ని కొట్టడం, హలాల్ చేసి వండుకోవడం మామూలే. ఒకరోజు ఆ పిల్లవాడు కొట్టిన పిచ్చుక గొంతుమీద పసుపు మచ్చ కనిపించింది. ఇది ముసల్మాను తినదగ్గదేనా అని అనుమానమొచ్చి మామను అడిగాడు. ఆయనకూ తెలియక బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించాడు. అక్కడ మిల్లార్డ్ అనే దొర ఆ పిట్ట పేరు చెప్పి, సొరుగుల్లో దాచిన వందల పిట్టల్ని చూపించాడు. ఆ అనుమానం ఒక జీవితమైంది. మన దేశపు పక్షుల గురించి ఆయన రాసిన పుస్తకం 1941లో వచ్చింది. హైదరాబాద్ సంస్థానంలో పక్షుల్ని సర్వే చేసిందీ ఆయనే. మతాచారాలంటే ఆయనకు పట్టింపు లేదు, ఆ సంగతి దాచుకోనూ లేదు. మాకు ఆ లెక్క అక్కర్లేదు. తినాలా వద్దా అన్న ప్రశ్నలోంచి చూడ్డం నేర్చుకున్న మనిషి ఆయన. అది చాలు. హిందూపురంలో ఒక పిల్లోడు ఫొటో కింద పేరు మూడుసార్లు పైకి చదివి, "మా చిన్నాయన పేరు గూడా సలీమే" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు దుర్బిణి వదల్లేదు.

కౌజుపిట్టకు వల వేసేది ఒక్క మా వాళ్ళేనా? దాన్ని కొనుక్కుపోయి వండుకునే ఇళ్ళు అన్ని వీధుల్లోనూ ఉన్నాయి. దసరా నాడు దర్శనం చేయించి డబ్బులు తీసుకోడానికి పాలపిట్టను పంజరంలో పెట్టేదెవరు? జోస్యం చెప్పించుకోడానికి రెక్కలు కత్తిరించిన చిలక ముందు కూర్చునేదెవరు? 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్రపక్షి చేసుకుంది. ఆ చిలకను ఇంట్లో పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని చెబితే ఎంతమందికి కోపమొస్తుందో! హిందువులకూ వస్తుంది, ముస్లింలకూ వస్తుంది. ఆ కోపంలో మాత్రం మతసామరస్యం బాగానే ఉంది.

పెనుకొండ ఉర్సులో ఒక ముసలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. తలమీద విసనకర్రలాంటి తురాయి ఉన్న పిట్ట బొమ్మ దగ్గర నిలబడిపోయింది. "యే హుద్‌హుద్ హై నా బేటా? హమారే అంగన్ మే ఆతా థా" అంది. సులేమాన్ పైగంబర్ పక్షుల్ని లెక్క చూసుకుంటే హుద్‌హుద్ ఒక్కటే కనపడలేదట, ఆయనకు కోపమొచ్చిందట, అది సబా రాణి కబురు మోసుకొచ్చి నిలబడిందట. ఆ కథంతా మనవరాలికి అక్కడే చెప్పింది. చుట్టూ బొట్టుపెట్టుకున్న ఆడవాళ్ళు కూడా ఆగి విన్నారు. లేపాక్షి నుంచి వచ్చినామె ఒకామె, "మా ఊర్లో రాముడు జటాయువును లే పక్షీ అన్నాడంట, అందుకే ఆ పేరు" అని తన కథ చెప్పింది. ఆ పూట మేం చెప్పాల్సిన పని లేకపోయింది.

ధర్మవరంలో ఒక నేతమనిషి ఎర్రకాళ్ళ కొంగను దుర్బిణిలో చాలాసేపు చూశాడు. జీవితమంతా అంచుల మీద హంసల్ని, నెమళ్ళను, చిలకల్ని నేసినవాడు. "తెలుపు మీద నలుపు, కొనకు గులాబి. ఇంత బాగా కలిపిందెవురప్పా? ఈ కొంగను కొంగుకు పెట్టొచ్చు" అన్నాడు. మా పేర్లు అడగలేదు. అడగాలని తోచలేదు ఆయనకు.

వీరాపురం కొంగలకు ఇప్పుడు కావాల్సింది పేర్ల మీద వాదన ఒక్కటే కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మాది. చెరువులు ఎండిన ఏళ్ళలో మేత చాలక పిల్లలు గూళ్ళలోంచి పడి చస్తాయి. పాత చింతచెట్లు పడిపోతున్నాయి, కొత్తవి నాటినా గూడు మోసే కొమ్మ రావడానికి ఒక తరం పడుతుంది. అవి సైబీరియా పక్షులైతే ఈ సంవత్సరం రాకపోయినా ఇంకెక్కడో బాగున్నాయిలే అనుకోవచ్చు. ఇక్కడివే అని తెలిస్తే అట్లా అనుకోలేం. మన చెరువు ఎండితే చచ్చేది మన పక్షే. అందుకే ఈ పేరు సరిదిద్దడం మాకు అంత ముఖ్యం. చెరువుల్లో పూడిక తీయించండి. వాగుల్ని కబ్జా కానివ్వకండి. చింతమొక్క నాటండి. వీరాపురం వాళ్ళను చూసి నేర్చుకోండి. వాళ్ళు కొంగ యాడనుంచి వచ్చిందో తప్పుగా అనుకున్నారు, కానీ దానికి చెట్టు ఇవ్వడంలో తప్పు చెయ్యలేదు.