మా ఊర్లో ఏముందప్పా చూసేకి?

"మీ ఊర్లో చూడ్డానికి ఏముంటాయి?" అని బెంగళూరు ఆఫీసులో ఎవరు అడిగినా మూడేళ్లుగా నాది ఒకటే జవాబు. "ఏమీ లేదు. హైవే ఉంది."

అబద్ధమేం కాదు. సోమందేపల్లి అంటే 44వ నంబర్ జాతీయ రహదారి పక్కన ఒక ఊరు. బస్సులో కునుకు తీశారంటే అది వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. పెనుకొండకు కోట ఉంది, లేపాక్షికి బసవన్న ఉన్నాడు, ధర్మవరానికి పట్టుచీర ఉంది. మాకేముంది?

అలాంటిది ఒక శనివారం పొద్దున్నే ఇద్దరు ఫ్రెండ్స్ మా ఇంటికి దిగారు. ఒకడు హైదరాబాద్ వాడు, ఇంకో అమ్మాయిది భీమవరం. నా ప్లాన్ సింపుల్. ఊర్లో టిఫిన్ తినిపించి, కారెక్కించి, లేపాక్షి చూపించి పంపేయడం. మా వీధిలోకి మాత్రం తీసుకెళ్లకూడదు. ఎందుకో తర్వాత చెప్తా.

ముందు ఉగ్గాని

ఉగ్గాని అంటే నానబెట్టిన బొరుగులకు ఉల్లిగడ్డ, పచ్చిమిరప తాలింపు పెట్టి, పైన పుట్నాలపప్పు పొడి చల్లేది. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. "ఇది మరమరాల ఉప్మా కదా" అంది భీమవరం పిల్ల. హోటలాయన ఆమె వైపు ఒక చూపు చూసి, "తిని చెప్పు పాపా" అన్నాడు. తినింది. ఇంకో ప్లేట్ చెప్పింది.

సరిగ్గా అప్పుడే మా పెదనాయన ఎదురొచ్చాడు. "ఏం అబ్బీ, సావాసగాళ్లొచ్చినారంట. ఇంటికి పిల్చుకోని రాకుండా యాడికి పోతాండావు?"

ప్లాన్ అక్కడే పోయింది.

మా పెదనాయన ఇంట్లో సగం మగ్గమే. నేలలో గుంత, ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మగ్గం. పైన జకార్డు, దానికి వేలాడే అట్టల దండ. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేవాణ్ణి. కాలేజీకి వెళ్లాక మాత్రం "మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని అడిగితే "బిజినెస్" అనేవాణ్ణి. మా వీధి చూపించకూడదనుకున్నది అందుకే.

ఫ్రెండ్స్ ఇద్దరూ గుంత పక్కన గొంతుక్కూర్చుని అరగంట కదల్లేదు. పడుగు ఏది, పేక ఏది, జరీ ఎక్కడ కలుస్తుంది, ఒక చీరకు ఎన్ని రోజులు అని ఒకటే ప్రశ్నలు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. అంచు మీద తీగలు, మధ్యలో పూలు. "ఈ డిజైన్ మీదేనా పెదనాన్నా?" అని అడిగిందా అమ్మాయి. ఆయన నవ్వి, "మాది యాడిది పాపా! మా నాయన కాలం నుంచి నేస్తాండాం" అన్నాడు. వీధి చివర మరమగ్గాల చప్పుడు వినిపిస్తోంది. అక్కడ ఒక్క రోజులో అయ్యే పని ఇక్కడ ఎన్నో రోజులు పడుతుంది. ఆయన కొడుకు మగ్గం ఎక్కలేదు, కార్ల ఫ్యాక్టరీకి పోతున్నాడు. ఆ మాట ఆయన బాధగా చెప్పలేదు. "నెల జీతం కదప్పా" అన్నాడు, అంతే.

పెనుకొండలో రెండు కాలాలు

మా ఊరి నుంచి పెనుకొండ దగ్గరే. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగరం రాజధాని హంపి నుంచి వచ్చింది ఈ కొండ కిందికే. రాజు తిరుమలరాయలు. గగన్ మహల్ పైకెక్కి చూస్తే కమానులు ఒక తీరు, గోపురం ఇంకో తీరు కనిపిస్తాయి. ఊర్లోనే బాబయ్య దర్గా ఉంది. అక్కడికి వచ్చేవాళ్లలో ఎవరు హిందువులో ఎవరు ముస్లింలో ఈ పక్క ఎవరూ లెక్కపెట్టరు. రీల్ కావాలంటే కుంభకర్ణుడి పార్క్ ఉంది. పడుకున్న కుంభకర్ణుణ్ణి రాక్షసులు లేపుతుంటారు.

రెండో కాలం హైవే మీద ఉంటుంది. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో కార్లు రావడం మొదలయ్యాక బోర్డుల మీదికి కొరియన్ అక్షరాలు వచ్చాయి. రాగి సంగటి హోటల్‌కి కూతవేటు దూరంలో కిమ్చీ దొరుకుతుంది. హైదరాబాద్ వాడు ఫొటోలే ఫొటోలు. కరువు సీమ అని పాఠంలో చదువుకున్నాడు కదా, "ఫ్యాక్టరీకి నీళ్లెక్కడివిరా?" అన్నాడు. గొల్లపల్లి రిజర్వాయర్ చూపించా. శ్రీశైలం దగ్గర్నుంచి హంద్రీ-నీవా కాలువలో ఇంత దూరం ఎక్కి వచ్చిన కృష్ణమ్మ అది.

లేపాక్షిలో దొరికిపోయాను

మధ్యాహ్నానికి లేపాక్షి. ముందు బసవన్న. ఒకే రాయిలో 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. తర్వాత వీరభద్రస్వామి గుడి. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. వేలాడే స్తంభం కింద టవల్ దూర్చి లాగాం. అందరూ చేసే పనే, అయినా సరదాగానే ఉంటుంది. ఖజానా సొమ్ము వాడాడని నింద పడితే విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని చెప్తారు. ఆ గోడ మీది ఎర్ర మరకలు చూశాక కాసేపు ఎవరం మాట్లాడలేదు.

లతా మండపం దగ్గర భీమవరం పిల్ల ఆగిపోయింది. ఒక్కో స్తంభం మీద ఒక్కో అల్లిక. తీగలు, పూలు, హంసలు. ఫోన్ తీసి పొద్దున మగ్గం దగ్గర తీసిన ఫొటో జూమ్ చేసి స్తంభం పక్కన పెట్టింది.

"ఇది చూడు" అంది.

అదే తీగ. అదే పువ్వు.

లేపాక్షి డిజైన్లని చీరల షాపుల్లో అంటుంటే పేరు కోసం అంటారేమో అనుకునేవాణ్ణి. పైకప్పు బొమ్మల్లోని ఆడవాళ్ల చీరల అంచులు కూడా ఈ పక్క నేతగాళ్లు చూసి నేసుకున్నవే. స్కూల్ పిక్నిక్‌లని ఎన్నోసార్లు వచ్చాను ఇక్కడికి. స్తంభాన్ని చూశాను, మగ్గాన్నీ చూశాను. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది మాత్రం భీమవరం నుంచి వచ్చిన పిల్ల.

తిరిగొస్తూ హిందూపురంలో చింతపండు, బెల్లం కొన్నాం. పట్టుగూళ్ల మార్కెట్ అప్పటికే అయిపోయింది. అది చూడాలంటే పొద్దున్నే రావాలి. గూడు నుంచి దారం, దారం నుంచి మగ్గం, మగ్గం నుంచి చీర. మొత్తం కథ ఒక్క రోజులో తిరిగేంత దగ్గరలోనే ఉంది.

రాత్రి ఆ ఫొటో మా పెదనాయన ఫోన్‌కి పంపాను. కాసేపటికి ఆయనే కాల్ చేశాడు.

"పెండ్లయిన కొత్తలో పోయింటి అబ్బీ ఆడికి. మళ్లా పోలేదు. ఈతూరి నన్ను గూడా పిల్చుకోని పో."

వచ్చే ఆదివారం ఆయన్ని తీసుకెళ్తున్నా. మీరూ ఈ దారిన వస్తే ఎండాకాలం వద్దు, చలికాలం రండి. లేపాక్షి ఒక్కటే చూసి వెళ్లిపోకండి. హైవే దిగి మగ్గం చప్పుడు వినిపించే వీధిలో ఓ అరగంట ఆగండి. చీర కొంటారా, మీ ఇష్టం. కొంటే మాత్రం దయచేసి బేరం ఆడొద్దు.

ఇప్పుడు ఆఫీసులో "మీ ఊర్లో ఏముంది?" అని అడిగితే, "ఎన్ని రోజులు సెలవు పెడతారు?" అని అడుగుతున్నా.